కార్డు వెనక వైపే ముందు చూస్తాను

పాత జపాన్ పోస్టుకార్డు ఏది చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పుతాను. బొమ్మ సంగతి తర్వాత. ఫుజి పర్వతం 1905లోనూ కార్డుల మీద ఉంది, 1935లోనూ ఉంది. ఏ కాలందో చెప్పేది అడ్రస్ వైపే.

జపాన్‌లో ప్రైవేటు వాళ్లు బొమ్మల కార్డులు అచ్చేసుకోవడానికి 1900లో అనుమతి వచ్చింది. మొదట్లో అడ్రస్ వైపు అడ్రస్ తప్ప ఇంకేం రాయకూడదు. అందుకే ఆనాటి కార్డుల్లో బొమ్మ మీదే, ఆకాశం ఖాళీగా ఉన్నచోట, ఉత్తరం ఇరికించి రాసి ఉంటుంది. 1907లో ఆ వైపు మూడో వంతు ఉత్తరానికి వదిలారు, 1918లో సగం. కాబట్టి అడ్డగీత సరిగ్గా మధ్యలో ఉంటే ఆ కార్డు 1918కి ముందుది కాదు. ఇంకో గుర్తు కూడా ఉంది. పైన అచ్చేసిన ‘యూబిన్ హగాకి’ (జపనీస్‌లో పోస్టుకార్డు అని) మాటలో ‘గా’ అక్షరం పక్కన రెండు బుల్లి గీతలు 1933 నుంచి కనిపిస్తాయి, అంతకు ముందు ఉండవు.

తపాలా ముద్ర దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. అందులో ఉండేది చక్రవర్తి కాలం లెక్క, తైషో, షోవా అనేవి ఆ కాలాల పేర్లు. తైషో ఏడాదికి 1911 కలపాలి, షోవాకి 1925. ముద్రలో 12 కనబడగానే 1912 అని రాసి అమ్మకానికి పెట్టేస్తారు. తైషో 12 అంటే 1923. కొనేవాళ్లు నమ్మి డబ్బు పెడతారు, కాబట్టి ఈ కాస్త లెక్క అమ్మేవాళ్లు చెయ్యాల్సిందే.

నాకు ప్రాణమైన కార్డు ఒకటుంది: టోక్యో అసకుసాలోని రియోఉన్‌కకు, 1890లో కట్టిన పన్నెండంతస్తుల బురుజు. నలుపు తెలుపు కొలోటైప్ (ఫోటోలు అచ్చేసే పాత పద్ధతి) మీద చేత్తో రంగులద్దారు. జెండాకి అద్దిన ఎరుపు, గీత దాటి పక్కకి పాకింది, ఎవరో గబగబా కుంచె లాగినట్టు. భూతద్దం పెడితే చుక్కలు కనబడవు, సన్నటి ముడతల్లాంటి నలుసులు కనిపిస్తాయి. అదే కొలోటైప్ గుర్తు. వరసగా చుక్కలుంటే అది హాఫ్‌టోన్ అచ్చు. జపాన్ చిత్రకారుడు తకెహిసా యుమెజి గీసిన అమ్మాయిల కార్డులకి గిరాకీ బాగా ఉంది, వాటి కొత్త అచ్చులూ బోలెడు. అక్కడ భూతద్దం లేకుండా బేరం ఆడొద్దు.

అమ్మేటప్పుడు రెండు వైపులా స్కాన్ పెడతాను, మూల మడతలు, మరకలు అన్నీ రాస్తాను. పాత పెన్సిల్ రాతలు చెరపను. ఉత్తరం రాసి ఉందని ధర తగ్గించను, నాకైతే రాసిన కార్డే విలువైనది. పీవీసీ కవర్లు వాడను, అవి కాలం గడిచేకొద్దీ కార్డుని పాడుచేస్తాయి.

ఆ బురుజు 1923 సెప్టెంబర్ 1 భూకంపంలో విరిగిపోయింది. ఆ శిథిలాల కార్డులు అప్పట్లో విపరీతంగా అమ్ముడయ్యాయి, ఇప్పుడూ తేలిగ్గానే దొరుకుతాయి. కూలిన వీధులవి అమ్ముతాను, వీలైతే ఏ వీధో కనుక్కుని రాస్తాను కూడా. శవాల ఫోటోలతో వచ్చినవి మాత్రం ఎవరెంత ఇస్తామన్నా అమ్మను.