సీఓ 6.8 నుంచి 1.9కి: మా పాత మారుతి 800 పొల్యూషన్ పాసైంది

ఇయ్యాల పొద్దున్నే సర్టిఫికెట్ చేతికొచ్చింది. కార్బొరేటర్ (పెట్రోల్‌ల గాలి కలిపి ఇంజన్‌కు పంపేది) బండ్లు ఇంకా నడిపేటోళ్లు మన నల్గొండ దిక్కు ఉన్నరు కాబట్టి యాదిల ఉండంగనే రాస్తున్న.

15 ఏండ్లు దాటిన బండికి 5 ఏండ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్. ఇన్సూరెన్స్, గ్రీన్ ట్యాక్స్ సాఫీగ అయిపోయినయ్, ఆగింది పొల్యూషన్ కాడ. మన పాత పెట్రోల్ కార్లకు పొగల సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (కాలకుంట మిగిలిన పెట్రోల్) 1500 పీపీఎం (పది లక్షల భాగాలల్ల 1500) దాటొద్దు. నాది హెచ్‌సీ 900 దగ్గర్నే ఉంది, సీఓ మాత్రం 6.8. పొల్యూషన్ టెస్ట్ వ్యాన్ కాడ ఉన్న పిలగాడు అందరు వినంగ "ఇంకెన్నేండ్లు నడుపుతవ్ అంకుల్, తుక్కుకెయ్యరాదు" అన్నడు. మళ్ల పక్కకు పిలిచి, పైన ఎంతోకొంత ఇస్తే వేరే బండి సైలెన్సర్ల పైపు పెట్టి పాస్ చేస్త అన్నడు! మా బాపు పైసా పైసా కూడబెట్టి కొన్న 98 మోడల్ అది, సాగర్ దాక పోయొచ్చినా ఎన్నడు నడిరోడ్డు మీద ఆగలే. దానికి దొంగ కాయితం నాకొద్దన్న.

హెచ్‌సీ హద్దులనే ఉండి సీఓ ఎక్కువుంటే ప్లగ్గులు మంచిగనే కొడుతున్నయ్, పెట్రోలే ఎక్కువ పోతున్నదన్నట్టు. ఎయిర్ ఫిల్టర్ మార్చిన, చోక్ (చల్ల ఇంజన్‌కు గాలి తగ్గించే మూత) పూర్తిగ తెరుచుకుంటున్నదా చూసిన. ఏం ఫరక్ లేదు.

ఇగ షెడ్డుకు పోతే మొదలైంది అసలు గోస. మెకానిక్ ఆయిల్ గేజ్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) గూడ తియ్యకుంట స్క్రూడ్రైవర్ తోటి మిక్చర్ స్క్రూ (పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) బిగించుడు షురూ చేసిండు. సీఓ కొంచెం దిగంగనే ఇంజన్ వణికి బంద్ అయితది, అప్పుడు ఐడ్లింగ్ (బండి నిలబడ్డప్పుడు ఇంజన్ తిరిగే స్పీడు) పెంచుతడు, మళ్ల సీఓ ఎక్కుతది, సాయంత్రం దాక ఇదే కత, గడియారం సెంటర్ల బ్రేక్ కొడితే బండి ఆగిపోయి ఎన్క హారన్లే హారన్లు. లాస్ట్‌కు "కార్బొరేటర్ ఖతం, కొత్తది ఎయ్యాలె" అని పైసలు తీసుకున్నడు. ఓవర్‌హాల్ చేసిన అన్నడు గని కార్బొరేటర్ల పెట్రోల్ నిల్వుండే ఫ్లోట్ గిన్నె నట్ల మీద దుమ్ము గూడ చెదరలే.

నకిరేకల్‌ల అంబాసిడర్ల కాలం నాటి మేస్త్రి ఒకాయన ఉన్నడు. పోంగనే "బిడ్డా, ముందు గేజ్ తియ్యి" అన్నడు. తీస్తే ఆయిల్ పై గీత కంటే వేలెడు మీద ఉంది, నేనేమో ఆయిల్ పొయ్యనే లేదు. వేళ్ల మధ్యల రాసి ముక్కు కాడ పెట్టిండు: ఉత్త పెట్రోల్ వాసన. ఫ్యూయల్ పంప్ లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చినిగి పెట్రోల్ ఆయిల్ల కారుతున్నది. ఇంజన్ వేడెక్కినంక ఆ ఆవిరి వాల్వ్ కవర్ (ఇంజన్ మీది మూత) హోస్ నుంచి ఎయిర్ ఫిల్టర్ల పడి మళ్ల ఇంజన్‌కే పోతది, స్క్రూ ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం? ఆ హోస్ పీకి ఫిల్టర్ దిక్కు రంధ్రానికి గుడ్డ పెట్టి చూడుమన్నడు, పరీక్షల సీఓ దిగింది. ఇంకొన్నాళ్లు అట్లనే నడిపితే పల్చని ఆయిల్‌కు బేరింగులే పోయేటియి.

పంప్, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చి, పొగ కొలిచే మిషన్ పెట్టి మిక్చర్ సెట్ చేస్తే 1.9. టెస్టుకు మాత్రం చల్ల ఇంజన్ తోటి పోకండి, ఓ పావుగంట నడిపి పోండి.

ఆ రీడింగ్ కాయితం షెడ్డాయనకు చూపిచ్చి నా పైసలు అడిగిన, ఇయ్యలే. నా బండి ఇగ ఆ గేటు తొక్కది.