గొర్రెపిల్లను పిలుస్తూ రొట్టె విరిచే వేళ

పూజలో రొట్టె విరిచే వేళ పాడే ‘దేవుని గొర్రెపిల్లా’ అనే ప్రార్థన, ఆగ్నుస్ దేయి, ముగిసింది. వెంటనే చప్పట్లు. పీఠం మీద ప్రభువు శరీరమైన రొట్టె విరిగి ఉంది. పూజ చేసే గురువులు దాన్ని ఎత్తి ‘ఇదిగో దేవుని గొర్రెపిల్ల’ అని చూపించబోతున్నారు. సరిగ్గా అప్పుడే మనవాళ్లు క్వయర్‌ని మెచ్చుకుంటున్నారు! వెనక వరుసలో ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు. క్వయర్‌లో ఆల్టోల్లో, అంటే ఆడవాళ్ల కింది స్థాయి గొంతుల్లో, నిలబడ్డ నాకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు ప్రాక్టీస్ చేసింది ఇందుకా అనిపించింది.

ఆ రోజు మేం పాడింది ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1796లో రాసిన ‘మిస్సా ఇన్ టెంపోరే బెల్లి’, అంటే యుద్ధకాలపు పూజ. పూజలో పాడే కీరియే నుంచి సాంక్తుస్ దాకా ఏ భాగం అందం దానిదే, ఇప్పుడు వాటి జోలికి పోను. నా ప్రాణమంతా చివరి భాగం మీదే.

ఆగ్నుస్ దేయి ఒక పనిని అంటిపెట్టుకుని పుట్టిన పాట. ఆ పని రొట్టె విరవడం. 7వ శతాబ్దం చివర్లో రోములో పోపు అయిన మొదటి సెర్గియుస్ సిరియా కుటుంబంలో పుట్టినవాడు. ప్రభువు శరీరాన్ని విరిచే వేళ గురువులూ ప్రజలూ కలిసి ఈ ప్రార్థన పాడాలని నియమం పెట్టింది ఆయనే. అప్పట్లో రొట్టెల్ని అందరికీ సరిపడేలా ముక్కలు చేయడానికి చాలాసేపు పట్టేది. ఆ పని పూర్తయ్యేదాకా అదే పిలుపు, మళ్లీ మళ్లీ. తర్వాత చిన్న అప్పాలు వచ్చాయి, విరిచే పని తగ్గింది, పిలుపు మూడుసార్లకు కుదురుకుంది. మూడోసారి ‘మాపై దయ చూపు’ ఉన్న చోట ‘మాకు శాంతి దయచేయి’ వచ్చి చేరింది.

ఇక్కడే నన్ను ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న ఒకటి ఉంది. యూదుల పస్కా పండుగకు కోసే గొర్రెపిల్ల ఎముక ఒక్కటి కూడా విరవకూడదని నిర్గమకాండం 12లో ఆజ్ఞ. యేసు సిలువ దగ్గర యోహాను సువార్త గుర్తు చేసేది దాన్నే. సైనికులు అటూ ఇటూ ఉన్న ఇద్దరి కాళ్లూ విరిచారు, యేసు కాళ్లు మాత్రం విరవలేదు. మరి మనం? ‘గొర్రెపిల్లా’ అని పిలుస్తూనే ఆ గొర్రెపిల్లను విరుస్తున్నామే! ఒకరోజు లూకా 22 చదువుతుంటే తట్టింది. సైనికుల చేతులకు విరగని ఆయన, అంతకు ముందు రాత్రే రొట్టె పట్టుకుని, కృతజ్ఞత చెప్పి, తన చేతులతోనే విరిచి ఇచ్చేశాడు. ఇష్టపడి విరిచాడు. తూర్పు క్రైస్తవుల బైజాంటైన్ సంప్రదాయంలో ఆ రొట్టె పేరే ‘గొర్రెపిల్ల’. దాన్ని విరిచేటప్పుడు అక్కడి గురువు అనే మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది: విరిగినా విడిపోనివాడు, ఎప్పుడూ భుజిస్తున్నా ఎన్నడూ తరగనివాడు.

ఇప్పుడు హైడన్ దగ్గరికి రండి. నెపోలియన్ ఇటలీలో ఆస్ట్రియా సేనల్ని ఓడిస్తూ వస్తున్న రోజులవి. ఆగ్నుస్ దేయిలో కోరస్ మెల్లగా మొదలుపెడుతుంది, కింద నుంచి టింపనీ డ్రమ్ములు వినిపిస్తాయి. శత్రువు దూరం నుంచి వస్తున్నట్టు ఆ చప్పుడు ఉండాలని హైడన్ కోరుకున్నాడట, అతని జీవితం రాసిన గ్రీసింగర్ చెప్పిన మాట ఇది. ఆ తర్వాత ట్రంపెట్లు లేస్తాయి, ‘దోనా నోబిస్ పాచెమ్’ (మాకు శాంతి దయచేయి) మొదలవుతుంది. అంతవరకూ బతిమాలిన గొంతులు అక్కడ పట్టుబడతాయి. శాంతి ఇవ్వు, ఇవ్వు, ఇవ్వు. యుద్ధం గుమ్మం దాకా వచ్చినవాళ్లు అడిగే తీరు అది.

రొట్టె విరవడానికి నిమిషం కూడా పట్టదు. ఈ సంగీతం అంతకు ఎన్నో రెట్లు. గురువులు విరిచి, చిన్న తునకను పాత్రలోని ద్రాక్షారసంలో వేసి, ఆగిపోతారు. సంగీతం కోసం గురువును లిటర్జీ, అంటే పూజావిధి, ఒప్పుకోనంతసేపు పీఠం దగ్గర ఆపి ఉంచకూడదని 1903లో పదవ పియుస్ పోపు గట్టిగా చెప్పాడు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది, గ్లోరియా అనే స్తుతిగీతం విషయంలో తల వంచి ఒప్పుకుంటాను కూడా. కానీ ఈ ఒక్కచోట ఆగడమే కావాలనిపిస్తుంది. విరిగిన ప్రభువు ఎదురుగా ఉన్నాడు. మామూలు ఆదివారాల్లో మనం ఆయన్ని అలా చూసేది ఎంతసేపని?

నేను కూడా చాలా ఏళ్లు చూడలేదు. నా కళ్లు నోటేషన్ మీదే ఉండేవి. ఒకసారి పేజీ తిప్పబోతూ తల ఎత్తాను. పీఠం దగ్గర గురువు వేళ్ల మధ్య రెండు సగాలు కనిపించాయి. విరిగిన అంచు నున్నగా లేదు, పళ్లెంలో ఒక చిన్న తునక రాలి ఉంది. డ్రమ్ము మోగుతోంది. అప్పటికి రెండేళ్లుగా మా అన్నయ్యకూ నాకూ మాటల్లేవు. కాసేపటి క్రితమే, పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ, పక్కవాళ్లందరికీ నవ్వుతూ శాంతి చెప్పి వచ్చి నిలబడ్డాను. ‘పాచెమ్’, అంటే శాంతి, అన్న మాట నా నోట్లోనే ఆగిపోయింది. పక్కనున్న అక్క నా వంతు కూడా కలిపి పాడేసింది.

క్వయర్‌లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మిగతాది చూసి పాడినా పర్లేదు, ఈ భాగం కంఠతా పట్టండి. తల ఎత్తి పీఠం వైపు చూస్తూ పాడండి. మోకరించిన మీరందరూ దయచేసి ఫోన్ లోపల పెట్టండి. లాటిన్ రాదని, మన నోటి పాట క్వయర్ వాళ్లు లాక్కున్నారని అనుకోకండి. ‘దోనా నోబిస్ పాచెమ్’, మాకు శాంతి దయచేయి. ఈ మూడు మాటలు తెలిస్తే చాలు, మా గొంతుల్లో మీరూ అడుగుతున్నట్టే. ఎవరితో మాటల్లేవో వాళ్ల పేరు పెట్టి అడగండి. చివరి స్వరం ఆగాక ఏమీ చేయకండి. మా పాట బాగుందనిపిస్తే పూజయ్యాక గుమ్మం దగ్గర ఒక మాట చెప్పండి, చాలా సంతోషిస్తాం. అప్పుడు మాత్రం వద్దు. గురువులు ఆ సగాన్ని పైకెత్తుతారు. ‘ప్రభువా, నేను పాత్రుణ్ణి కాను’ అని మనందరం కలిసి చెప్పాల్సి ఉంది, ఆ మాట ఆయనకు వినబడనివ్వండి.