పుఅర్ తేనీటి పరిచయం
చైనాలోని యునాన్ రాష్ట్రపు పుఅర్ తేనీటిని కున్‌మింగ్‌లోని ఒక దుకాణంలో తొలిసారి రుచి చూసినప్పుడు, తడిసిన మట్టి వాసన, దాని వెనుక నెమ్మదిగా తేలిన తియ్యదనం నన్ను ఆశ్చర్యపరిచాయి. మన అస్సాం తేయాకు రకానికే చెందిన పెద్ద ఆకులను పెనంపై వేడిచేసి, నలిపి, ఎండబెట్టి, ఆవిరి పట్టి బిళ్లలుగా అదుముతారు; సంప్రదాయ బిళ్ల బరువు 357 గ్రాములు, అటువంటివి ఏడు కలిస్తే ఒక కట్ట. ‘షెంగ్’ అనే పచ్చి రకం గాలిలోని తేమ, సూక్ష్మజీవుల వల్ల ఏళ్ల తరబడి మెల్లగా మారుతుంది. అంతకాలం ఆగలేని వారి కోసం, ఆకును కుప్పపోసి, నీరు చల్లి, కప్పి ఉంచి, వారాల వ్యవధిలోనే పులియబెట్టే పద్ధతిని 1970ల తొలినాళ్లలో కున్‌మింగ్ కర్మాగారంలో రూపొందించారు. నేను తాగిన నల్లని ‘షౌ’ ఆ కోవకు చెందినదే. మరిగిన నీరు పోసి, మొదటి నీటిని పారబోసిన తరువాత, అదే ఆకుతో ఎన్నోసార్లు తేనీరు చేసుకోవచ్చు. (పాలు, చక్కెర మాత్రం దయచేసి కలపవద్దు.) పాతదైతే చాలు, గొప్పదేనన్న ప్రచారాన్ని నేను నమ్మను: నిల్వ సరిగా లేకపోతే బూజు వాసనే మిగులుతుంది. కొత్తవారు ‘షౌ’తో ఆరంభించడం మేలు, లేత ‘షెంగ్’లోని వగరు, చేదు మొదటిసారే అందరికీ నచ్చకపోవచ్చు.