పిరికితనం, దాని చుట్టుపక్కల మాటలు

నలుగురిలో నోరు విప్పలేని మనిషినీ, ఆపదలో తోటివాణ్ణి వదిలేసి పారిపోయిన మనిషినీ ఒకే గాటన కట్టి పిరికివాళ్ళు అనేయడం మనకు అలవాటైపోయింది. తెలుగులో ఇన్ని మాటలుండగా ఈ పొదుపు దేనికో నాకు బోధపడదు.

సమావేశంలో కూర్చున్న ఒక మనిషి అడగదలచిన ప్రశ్నను కాగితం మీద రాసుకొని, రెండుసార్లు చదువుకొని, చెయ్యి సగం ఎత్తి, అందరూ తనవైపు తిరుగుతున్నారని అనిపించగానే చెవి వెనుక గోక్కుంటున్నట్టు నటించి దించేస్తాడు. అతనిది బిడియం, అక్కడ ప్రమాదమేమీ లేదు, ఉన్నవల్లా చూపులే. కొత్త చోట కలిగే బెరుకు అలవాటు పడ్డాక దానంతట అదే పోతుంది. పనిలోకి దిగబోయే క్షణంలో వెనక్కి లాగేది జంకు. బెదురు మనుషులకే కాదు, పశువులకూ ఉంటుంది. మొహమాటాన్ని మాత్రం నేను ఈ వరుసలో చేర్చను, ఎందుకంటే అందులో తన గురించిన భయం కన్నా ఎదుటివారు నొచ్చుకుంటారేమోనన్న ఆలోచనే ఎక్కువ.

సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో భీరువు, భీముడు అనేవి రెండూ ‘భీ’ ధాతువు నుంచే పుట్టాయి: భయపడేవాడు భీరువు, ఎవరిని చూసి భయపడతారో అతడు భీముడు. అంతకన్నా విచిత్రమైనది శాలీనత. పాణిని ‘శాలీన’ శబ్దాన్ని ‘అధృష్టుడు’, అంటే చొరవ లేనివాడు, అనే అర్థంలో సాధించాడు. అమరకోశమూ అదే చెబుతుంది. ఈనాడు ఆ మాటను హుందాతనానికి మెచ్చుకోలుగా వాడుతున్నాం.

ఇక అసలు పిరికితనానికి మిగిలేది పంద. పాత తెలుగులో ఆ ఒక్క మాటకే పిరికివాడని అర్థం కనుక, పిరికిపంద అన్నప్పుడు మనం ఒకే తిట్టును రెండుసార్లు తిడుతున్నామన్నమాట. ఆ తిట్టుకు ఉదాహరణగా అందరికీ ముందు గుర్తొచ్చేది ఉత్తరకుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు ప్రగల్భాలు పలికి, కౌరవసేన కంటపడగానే గుండె జారి, రథం మీది నుంచి దూకి పరుగు లంకించుకున్నాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటబడి, జుట్టు పట్టి లాక్కొచ్చాడు. మన నానుడి అక్కడితో ఆగిపోయింది కానీ కథ ఆగలేదు. ఏ సేనను చూసి పారిపోయాడో, కాసేపటికి ఆ సేన మధ్యకే అర్జునుడి రథాన్ని తోలినవాడు ఉత్తరుడే. కురుక్షేత్రంలో మొదటి రోజునే అతడు ఏనుగునెక్కి శల్యుడి మీదికి వెళ్ళి, అతని రథాశ్వాలను నాలుగింటినీ చంపి, ఆ శల్యుడి చేతిలోనే ప్రాణాలు విడిచాడు.