మెస్ పుస్తకం చివరి పేజీలు

గల్ఫ్‌లో మనవాడు ఒకడు చనిపోతే, శవాగారం దగ్గర కాగితాల కట్ట పట్టుకొని తిరిగే మలబారీ (కేరళ) పెద్దమనిషి ఎవరైనా సరే, మన జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ పిల్లలను అడిగే మొదటి మాట ఒకటే. మీ ఊరివాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, ఇతని తండ్రి పేరు ఒక్కరికీ తెలియదా? కోపంగా అడగడు. మెల్లగా, మనకు అర్థమయ్యే హిందీలోనే అడుగుతాడు. అయినా చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. చనిపోయినవాడు ఆయనకు ఏమీ కాడు, ఊరు వేరు, భాష వేరు. వారానికి ఒక్క సెలవు వస్తే అది వదులుకొని, సొంత పెట్రోలు పోసుకొని మన మనిషి కోసం వచ్చాడు. ఆ మనిషి కింది మంచం మీద రెండేండ్లు పడుకున్న మనవాడేమో "మల్లన్న అంటం సార్, అసలు పేరేందో" అని తల వంచుకొని నిలబడతాడు.

మనవాళ్ల తరఫున చెప్పుకోవాల్సింది ఉంది, చెప్పాలి కూడా. కేరళ వాళ్లు ప్రవాసుల కోసం 1996లోనే నోర్కా అనే శాఖ పెట్టుకున్నారు. మన రాష్ట్రం ఏర్పడిందే 2014లో. వాళ్లలో ఆఫీసు గుమాస్తాలు, టైపింగ్ సెంటర్ల వాళ్లు, నర్సులు, బకాలా (కిరాణా కొట్టు) యజమానులు మొదటి నుంచీ ఉన్నారు. ఏ కాగితం ఏ కౌంటర్లో ఇవ్వాలో వాళ్లకు ఇంట్లో మాట్లాడుకుంటే తెలిసిపోతుంది. మనవాళ్లు వచ్చింది కట్టడం పనికి, క్లీనింగ్‌కు, సౌదీలో గొర్రెలు కాయడానికి. ఏజెంటుకు కట్టిన పైసలకు ఊర్లో నూటికి రెండు, మూడు రూపాయల మిత్తి నడుస్తుంటుంది. పొద్దున నాలుగున్నరకు లేబర్ క్యాంపు బస్సు ఎక్కినవాడు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. అట్లాంటి మనిషిని సంఘం ఎందుకు పెట్టలేదని అడగడం న్యాయం కాదు.

కానీ తండ్రి పేరు తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు, తీరిక కూడా పెద్దగా అక్కర్లేదు. నన్ను తొలిచేది అదే. ఊర్లో ఇదే మనుషులు ఇట్లా ఉండరు. ఎవరైనా చనిపోతే కులసంఘంలో డప్పుకు ఎవరు పోవాలో, కట్టెలకు ఎవరు పోవాలో, దూరపు చుట్టానికి ఎవరు ఫోన్ చెయ్యాలో ఒకరు చెప్పే పనిలేదు. సంఘం పైసలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎంత ఇస్తారో అందరికీ తెలుసు. అంత పద్ధతి తెలిసినవాళ్లం విమానం దిగగానే విడివిడి మనుషులమైపోతున్నాం.

ఒక కారణం, మనం సంఘాన్ని పండుగతో మొదలుపెడతాం. బతుకమ్మకు స్కూలు హాలు అడుగుతాం, అనుమతి ఉన్న సంఘం పేరు మీద కాగితాలు పెడతాం, తంగేడు, గునుగు దొరకక బంతి, చామంతి కిలోల లెక్కన తెచ్చి పేరుస్తాం. చేసేవాళ్ల కష్టం తక్కువది కాదు, ఆ ఆడబిడ్డలకు ఆ ఒక్క రోజు ఎంత ఊరటో నేను కాదనను. కానీ లెక్క చూడండి. యూఏఈలో భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాములన్నా ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లన్నా ఇవ్వాలి. వెయ్యి, పన్నెండొందలు వచ్చే క్యాంపు మనిషి భార్య కోరుట్లలో బతుకమ్మ ఆడుతుంది. ఇక్కడి హాల్లో అతనికి ఏం పని? సామాన్లు దించడానికో, కుర్చీలు వెయ్యడానికో వస్తాడు, రాత్రి తొమ్మిదికి క్యాంపు గేటు వేస్తారని ముందే వెళ్లిపోతాడు. పండుగతో పుట్టిన సంఘం ఫ్లాట్లలో ఉండేవాళ్ల సంఘంగానే మిగులుతుంది. రాష్ట్రం పేరుతో పెట్టినవి ఇంకా పైకి పోతాయి. వచ్చిన నాయకుడికి శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, మరుసటి ఏడు రెండు ముక్కలవుతాయి.

క్యాంపులో మనవాళ్లు ఇప్పటికే నిలబెట్టుకున్నది మెస్ ఒక్కటే. ఒక గదిలో ఎనిమిది మంది కలిసి తింటారు. మనిషికి నెలకు ఇంత అని పోగు చేస్తారు, రోజుకొకరు వండుతారు, సెలవు దొరికినవాడు బజారుకు పోతాడు. రాత్రే రెండు పూటలకు వండి మధ్యాహ్నానికి డబ్బాలు కట్టుకోవాలి కాబట్టి ఎండాకాలం ఏం వండాలన్నది పెద్ద లెక్క. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపుతారు, తిండి అప్పుడే. పొద్దు నాలుగుకు కట్టిన పప్పు అప్పటికి పులిసిపోయి ఉంటుంది. అందుకే వేపుడు, చింతపండు పులుసు, పచ్చడి. వీటన్నిటికీ ఒక లెక్కల పుస్తకం ఉంటుంది, తలగడ కిందో, బియ్యం బస్తా పక్కనో. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఏ రోజు వండారు, ఎవరు ఊరికి పోయినందుకు ఎన్ని రోజులు తగ్గించాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం మీద కొట్లాటలు అయ్యాయి గానీ, దాన్ని నమ్మనివాడు లేడు.

సంఘం అక్కడి నుంచే మొదలవ్వాలన్నది నా మాట. అదే పుస్తకం చివరి పేజీలు తిప్పి, మనిషికి ఒక పేజీ వదలండి.

ఆ పేజీ మీద ఏముండాలి? పాస్‌పోర్టులో ఉన్న పేరు ఉన్నదున్నట్టుగా, దాని పక్కనే ఊర్లో పిలిచే పేరు. ఈ రెండూ కలవకే సగం తిప్పలు. పాస్‌పోర్టులో మల్లేశం అని ఉంటుంది, గదిలో మల్లన్న, ఊర్లో పెద్దోడు. ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే మల్లేశం ఎవరో గదిలో తెలియదు, పెద్దోడు ఎవరో ఆస్పత్రికి తెలియదు. తరువాత ఇంటిపేరు, తండ్రి పేరు, భార్య పేరు. పెండ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టు అయితే భార్య పేరు చోట ఖాళీ ఉంటుంది, రేపు ఆమె సంతకం పెట్టిన కాగితానికి ఆమె ఎవరని అడుగుతారు. అందుకే ఆమె ఆధార్‌లో పేరు ఎట్లా ఉందో అట్లాగే రాసుకోవాలి. ఊరు, మండలం రాసి జిల్లా రెండుసార్లు రాయాలి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు తీసిన పాస్‌పోర్టులో కరీంనగర్ అని ఉంటుంది, ఊరేమో ఇప్పుడు జగిత్యాలలోనో, రాజన్న సిరిసిల్లలోనో, పెద్దపల్లిలోనో ఉంటుంది. వరంగల్ నుంచి విడిపోయిన జనగామ, మహబూబాబాద్ వాళ్లదీ ఇదే కథ. రేపు కుటుంబం సాయం కోసం పెట్టే దరఖాస్తు తప్పు కలెక్టరేట్‌కు పోతే వారాలు అక్కడే తిరుగుతుంది.

కంపెనీ పేరు, బతాకా (గుర్తింపు కార్డు) నంబరు, వీసా గడువు, పాస్‌పోర్టు తన దగ్గర ఉందా కంపెనీ దగ్గర ఉందా, ఇవి ఒక వరుస. మందులు ఏమన్నా వేసుకుంటాడా, షుగర్, బీపీ ఉందా, ఇది ఇంకో వరుస. మగవాళ్లు చెప్పుకోరు, గట్టిగా అడగాలి. చివరగా ఊరి ఫోన్ నంబర్లు రెండు. ఒకటి ఇంటిది, ఇంకొకటి ఇంటిది కానిది. తెల్లవారుజామున ముసలి తల్లికి నేరుగా ఫోన్ పోవద్దు. ముందు బావకో, వార్డు మెంబరుకో, పక్కింటి సారుకో చెప్పి, ఆ మనిషి ఇంటికి వెళ్లాకే చెప్పాలి. ఊర్లో ఉన్నప్పుడు మనం పాటించేదే ఇది, ఇక్కడ వాట్సాప్ వచ్చాక మర్చిపోయాం. శవం ఫొటో గ్రూపులో పడి, దాన్ని భార్య చూసిన ఇండ్లు ఉన్నాయి.

ఈ పేజీ ఉంటే ఏం మారుతుందో చెప్తాను. దుబాయిలో మామూలు మరణమైతే ఆస్పత్రి, పోలీసు కాగితాల తర్వాత మరణ ధ్రువపత్రం, తరువాత భారత కాన్సులేట్‌లో నమోదు, పాస్‌పోర్టు రద్దు, అభ్యంతరం లేదన్న కాగితం, ఆ తరువాత శవానికి మందు పెట్టించి కార్గోలో బుకింగ్. ఊర్లో కుటుంబం ఎవరికి శవం అప్పగించాలో రాసి సంతకం చేసి పంపాలి. వీటిలో ఎక్కడ పేరు అక్షరం తప్పినా అక్కడే ఆగుతుంది. పేర్లు సరిగ్గా ఉంటే కొద్ది రోజుల్లో అయ్యే పని, లేకుంటే వారాలు పడుతుంది. ప్రమాదమో, అనుమానపు మరణమో అయితే పోలీసు కేసు ముగిసేదాకా ఆగాల్సిందే, సౌదీలో కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) కదలకపోతే ఇంకా ఆలస్యం. శవాన్ని పంపే ఖర్చు యూఏఈ చట్టం ప్రకారం కంపెనీదే. ఈ సంగతి తెలియక మనవాళ్లు ముందే జేబులు తడుముకుంటారు. కంపెనీ లేని మనిషి అయితే కాన్సులేట్ దగ్గర 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, దిక్కులేని పరిస్థితి చూపించి అడగాలి. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342, అది ప్రతి పేజీ పైన రాసి ఉండాలి. విమానం నంబరు, ఎయిర్‌వే బిల్లు (కార్గో రసీదు) నంబరు ముందే హైదరాబాద్‌లో ఎన్నారై విభాగానికి చెప్తే శంషాబాద్ నుంచి ఇంటిదాకా ప్రభుత్వ అంబులెన్సు ఉచితం. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్రం 5 లక్షలు ఇస్తోంది. రద్దయిన పాస్‌పోర్టు, మరణ ధ్రువపత్రం నకళ్లు పెట్టి కలెక్టర్‌కు దరఖాస్తు చెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దు.

బీమా సంగతి బతికున్నప్పుడే చూసుకోవాలి. ఈసీఆర్ (వలసకు ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంలో పోతే 10 లక్షలు. కానీ మనవాళ్లలో నిద్రలోనే గుండె ఆగి పోయేవాళ్లు ఎంతమందో గదుల్లో అందరికీ తెలుసు, వాళ్లకు ఇది రాదు. గడువు దాటాక రెన్యువల్ చేసుకున్నవాడిని నేను అరుదుగా చూశాను. యూఏఈలో 2024 మార్చి నుంచి మామూలు మరణానికీ వర్తించే జీవన రక్షణ పథకం కాన్సులేట్ చొరవతో వచ్చింది. మొదలైనప్పటి లెక్క ప్రకారం ఏడాదికి 37 నుంచి 72 దిర్హాములు కడితే 35,000 నుంచి 75,000 దిర్హాముల దాకా. అది కంపెనీ ద్వారానే తీసుకోవాలి. ఒక్కడు పోయి అడిగితే మేనేజరు వినడు, గదికి ఒకరు చొప్పున పదిమంది పోయి అడిగితే వింటాడు. సంఘం అంటే ఇట్లాంటి చోట పనికొచ్చేది.

పైసల దగ్గర మాత్రం ఊరి పద్ధతి ఇక్కడ నడవదు. ఊర్లో ఎవరికన్నా కష్టం వస్తే తువ్వాల పరిచి చందా ఎత్తుతాం. యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు అడగడం నేరం, 2021లో చట్టం ఇంకా గట్టిపడింది, జైలు ఉంది, లక్షల దిర్హాముల జరిమానా ఉంది. గ్రూపులో ఖాతా నంబరు పెట్టి సాయం చేయండి అని రాసినవాడు మంచి మనసుతోనే రాస్తాడు, ఇరుక్కుంటాడు. సాయం చెయ్యాలనుకున్నవాడు ఎప్పటిలాగే తన ఇంటికి పైసలు పంపుకోవాలి, ఇంటివాళ్లే ఊర్లో ఆ కుటుంబం చేతికి ఇవ్వాలి. గదుల్లో నడిచే చిట్టీలకూ లైసెన్సు ఉండదు, ఎత్తుకొని ఊరికి పోయినవాడి మీద పోలీసుల దగ్గరికి పోతే నడిపినవాడికే కష్టం. మెస్ పైసలు, చిట్టీ పైసలు, ఈ పేర్ల పుస్తకం ఒకే మనిషి దగ్గర ఉంచొద్దు. పైసల కొట్లాటలో పేర్ల పుస్తకం పోతుంది.

ఊరికి ఒక పుస్తకం చాలు. మండలం స్థాయికి పోతే పార్టీలు వస్తాయి, కులాలు వస్తాయి. ముప్పై, నలభై మంది దాకా అయితే ఒకరికొకరి తండ్రులు తెలుస్తారు, తప్పు పేరు రాస్తే పట్టుకునేవాడు ఉంటాడు. ఊరంతా ఒకే క్యాంపులో ఉండదు కాబట్టి దుబాయి క్యాంపుల్లో సోనాపూర్ వాళ్లు ఒక నకలు, జబల్ అలీ వాళ్లు ఒక నకలు పెట్టుకోవాలి. కలిసే రోజు కూడా చూసుకోవాలి. యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ సెలవు శని, ఆదివారాలకు మారింది, చాలా కంపెనీలు ఆదివారమే ఇస్తున్నాయి. సౌదీ, కువైట్‌లో ఇంకా శుక్రవారమే. సౌదీలోని దమ్మామ్‌లో ఉన్న తమ్ముడిని దుబాయి పుస్తకంలో కలపబోతే ఒక్కసారి కూడా మాట కలవదు. అక్కడివాళ్లకు అక్కడి పుస్తకమే పెట్టాలి.

అన్నిటికంటే కష్టమైన పేజీ కల్లివెల్లి మనిషిది. కంపెనీ నుంచి పారిపోయి, బతాకా లేక, ఎక్కడో బెడ్ స్పేస్‌లో (అద్దె మంచం మీద) ఉంటాడు. పేరు రాస్తే పట్టిస్తారని భయం. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ చివరి దాకా యూఏఈలో క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చని తెలియక మిగిలిపోయినవాళ్లు వీళ్లే, ఎందుకంటే వీళ్ల నంబరు ఎవరి దగ్గరా లేదు. వీళ్లకు పేజీ పూర్తిగా నింపక్కర్లేదు. ఊర్లో పిలిచే పేరు, తండ్రి పేరు, ఊర్లో ఇంటి ఫోన్ నంబరు చాలు, గది అడ్రసు రాయొద్దు. గదిలో నమ్మకమైన ఒక్కరికి తెలిస్తే సరిపోతుంది.

పుస్తకం పట్టుకున్నవాడు వెకేషన్‌కు పోయేటప్పుడు దాన్ని సంచిలో పెట్టుకొని పోవడం చాలాచోట్ల జరిగేదే. రెండు నెలలు ఊర్లో ఉంటాడు, ఆ రెండు నెలల్లోనే అవసరం పడుతుంది. టికెట్ తీసుకున్న రోజే పుస్తకం చేతులు మారాలి, మారిన తేదీ, ఇద్దరి సంతకాలు మొదటి పేజీలో ఉండాలి. ఏడాదికి ఒకసారి నకలు ఊరికి పంపి, పంచాయతీ కార్యదర్శి దగ్గరో, బడి సారు దగ్గరో ఉంచాలి. ఆయన ఫోన్ నంబర్లు సరిచూసి తిప్పి పంపుతాడు, సిమ్ములు మారుతుంటాయి కదా. కొత్తగా వచ్చిన పిల్లగాడికి మొదటి నెల మెస్ పైసలు అడగకండి, అతని పేజీ మాత్రం మొదటి రాత్రే రాయించుకోండి.