బీథోవెన్‌ది కాని జుట్టు

యూరప్ సంగీతకారుడు మొజార్ట్ పేరెత్తితే చాలు, "తోటి సంగీతకారుడు సాలియెరి విషం పెట్టి చంపాడట కదా" అనేవాళ్ళు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. 1791లో వియన్నాలో 35 ఏళ్ళకే పోయాడాయన. ఒంటి మీద పొక్కులతో వచ్చే తీవ్రమైన జ్వరమని రికార్డుల్లో రాసి ఊరుకున్నారు, శవపరీక్ష చెయ్యలేదు, సమాధి కచ్చితంగా ఎక్కడుందో కూడా తెలీదు. ఇక అడ్డేముంది? కీళ్ళవాత జ్వరం, కిడ్నీలు, పాదరసం, ఆఖరికి సరిగ్గా ఉడకని పంది మాంసం దాకా ఎవరికి తోచింది వాళ్ళు అంటగట్టారు. విషం కథైతే నాకు అస్సలు మింగుడుపడదు. భర్తను చంపాడన్న అనుమానం ఏ మూలన్నా ఉంటే కాన్‌స్టాంజె తన చిన్న కొడుకుని అదే సాలియెరి దగ్గర సంగీతం నేర్చుకోనిచ్చేదా?

అసలు తమాషా అంతా ఇంకో సంగీతకారుడు బీథోవెన్‌ది. 1827లో ఆయన పోయినప్పుడు చూడ్డానికొచ్చినవాళ్ళు గుర్తుగా తలా కాస్త జుట్టు కత్తిరించుకుపోయారు. 15 ఏళ్ళ హిల్లర్ అనే కుర్రాడు తీసుకున్నదని చెప్పే జుట్టు చేతులు మారి మారి ల్యాబ్‌కి చేరితే, అందులో సీసం బోలెడంత బయటపడింది. ఇంకేం, కడుపునొప్పులూ చావూ అన్నీ సీసం వల్లేనని తేల్చేశారు. తీరా 2023లో డీఎన్ఏ చూస్తే అది ఎవరో ఆడమనిషి జుట్టు! పాపం ఆవిడెవరో, ఇన్నేళ్ళూ ఆవిడ జబ్బుని బీథోవెన్‌కి రాశారన్నమాట. ఆయనవేనని తేలిన వెంట్రుకల్లో లివర్‌కి సోకే హెపటైటిస్ బి వైరస్ ఆనవాళ్ళు, లివర్ జబ్బుకి దారితీసే జన్యువులు దొరికాయి. తాగుడూ ఉంది, శవపరీక్షలో లివర్ గట్టిపడిపోయి కుంచించుకుపోయిందని అప్పుడే రాశారు కూడా. చెవుడు ఎందుకొచ్చిందో మాత్రం జన్యువులు చెప్పలేదు.

కథ అక్కడితో అయిపోయుంటే బాగుండేది. 2024లో అసలైన జుట్టులోనే రెండు పాయల్ని పరీక్షిస్తే సీసం మామూలు కంటే ఒకదాంట్లో 64 రెట్లు, ఇంకోదాంట్లో 95 రెట్లు! "చూశారా, మేం ముందే చెప్పాం" అనడానికి మాత్రం లేదు, వాళ్ళు చెప్పింది వేరే మనిషి జుట్టు చూసి. పైగా ఒక్క సీసమే చంపేసేంత మోతాదు కాదు అది అని పరీక్షించినవాళ్ళే అన్నారు.

రష్యా సంగీతకారుడు చైకోవ్‌స్కీ 1893లో కలరాతో పోలేదు, బలవంతాన ఆత్మహత్య చేయించారు అనే వాదన ఇంకొకటుంది. దశాబ్దాల తర్వాత ఒకరి నుంచి ఒకరు విన్నమాటే దానికి ఆధారం, వదిలేయండి.

పోలండ్ సంగీతకారుడు షోపాన్ విషయంలో కనీసం చూడ్డానికి ఒక వస్తువుంది, వార్సాలో ఒక చర్చిలో జాడీలో దాచిన ఆయన గుండె. ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బేమో పరీక్షిస్తామంటే 2008లో పోలండ్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2014లో సీలు తియ్యకుండా బయటి నుంచే చూసి, క్షయ వల్ల గుండె చుట్టూ పొర వాచి పోయుంటాడని రాశారు. వీటన్నిట్లోకీ నాకు కాస్త నమ్మాలనిపించేది ఇదే, మూత తీస్తే మళ్ళీ ఏం మారుతుందో చెప్పలేం గానీ.