మూంటాలో మా అత్తగారి ముత్తాత కోసం

మా ఆయన ఆస్ట్రేలియావాడు. వాళ్ల వంశంలో ఇక్కడ మొదట అడుగుపెట్టిన మనిషి మా అత్తగారి ముత్తాత, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన రాగి గని కార్మికుడు. సాహసం మీద మోజుతో ఓడెక్కాడని ఇంట్లో చెప్పుకుంటారు. నాకు నమ్మకం కుదర్లేదు. మాది కొత్తగూడెం, నాన్న సింగరేణిలో చేశారు, బాయి పనికి సరదా కోసం ఊరు దాటినవాళ్లను నేనైతే చూళ్లేదు. 1866లో రాగి ధర కుప్పకూలి కార్న్‌వాల్‌లో గనులు వరసగా మూతపడ్డాయి, ఈయన వచ్చింది ఆ తర్వాతే.

ఆయన పనిచేసిన మూంటా అనే గని ఊరికి అత్తగారితో కలిసి వెళ్లాను. అడిలైడ్ నుంచి కారులో రెండు గంటలు, దారంతా గోధుమ చేలే. 1861లో వాంబాట్ అనే జంతువు తవ్విన బొరియ దగ్గర పాట్రిక్ ర్యాన్ అనే గొర్రెల కాపరికి రాగి రాయి దొరకడంతో పుట్టిన ఊరది. వాటాదారులకు పది లక్షల పౌన్లకు పైగా డివిడెండ్ పంచిన మొదటి ఆస్ట్రేలియా గని కంపెనీ ఇక్కడిదే. లోపలికి దిగి రాగి తీసినవాళ్లేమో కంపెనీ లీజు భూమిలో మట్టి, సున్నపురాయితో తామే గోడలు లేపుకుని బతికారు. నేల వాళ్లది కాదు కాబట్టి దస్తావేజులు లేవు, ముత్తాత ఇల్లెక్కడని అడిగితే గుట్టలుగా పోసిన గని మట్టి వైపు చూపించారు.

శ్మశానంలో పేరు లేని పసిపిల్లల సమాధులు చాలా ఉన్నాయి. 1870లలో మంచినీళ్ల కరువు, టైఫాయిడ్. అత్తగారి కాగితాల్లో ఇద్దరు పిల్లలకు పుట్టిన ఏడు తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ అక్కడినుంచి త్వరగా బయటికి నడిచారు.

1878 నాటి బడిలో ఉన్న మ్యూజియంకి వెళ్తూ 1874 సమ్మె సంగతి చెప్పాను. మగవాళ్లు పని ఆపేస్తే, గనిలో నీళ్లు తోడే ఇంజన్లు నడపడానికి వచ్చినవాళ్లను ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని తరిమేశారు! ముత్తాత ఏ పని చేశాడో, ఎప్పుడు పోయాడో కాగితాల్లో ఉంది, ఆయన భార్య గురించి మాత్రం పెళ్లి తేదీ ఒక్కటే. అత్తగారు వెంటనే పెన్ను తీసి ఆ పేరు పక్కన 'చీపురు పట్టింది' అని రాసేశారు. ఆధారం లేదు కదండీ అన్నాను. సాహసం సంగతికి మాత్రం ఉందా అన్నారు.